గుండిగ దించిన భుజం

భుజం విరిగి, వరుసగా ఓడి, మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్ హెవీవెయిట్ పోటీలకు నన్నెవరూ పిలవని రోజులవి. భుజం అతికిందని డాక్టరు చెప్పినా నమ్మక, చిన్నపిల్లల డంబెల్సే ఎత్తేవాణ్ణి.

తెలంగాణ బంద్ నాడు బస్సుల్లేక, ఎల్బీనగర్ నుంచి దిల్‌సుఖ్‌నగర్ జిమ్‌కు పరుగందుకున్నాను. దారిలో ఉద్యమకారులు నడిరోడ్డు మీద వంటావార్పు పెట్టారు. పొయ్యి మీది అన్నం గుండిగ దించలేక తిప్పలు పడుతున్న ఓ పెద్దమ్మ నన్ను ఆపి, "గింత మనిషివి, ఉత్తగ ఉరుకుడేంది? జర పట్టు బిడ్డా" అంది.

కాదంటే పరువు పోతుందని ఒక్కణ్ణే దించాను. భుజం కిక్కురుమనలేదు.

సగం షట్టర్ దించిన జిమ్‌లో ఈ సంగతి చెప్పాను. బంద్ అంటేనే మండిపడే మా గుంటూరు కోచ్ నా భుజం తడిమి చూసి, "రేపు కూడా బంద్ ఉందేమో కనుక్కోరా" అన్నాడు.