రైలు మీద ఎండుచేపలు

బాండుంగ్ నగర నీళ్ళ శాఖలో ఎన్జాంగ్ రుస్తాండీని నమ్మనివాళ్ళు లేరు. ఆయన నమ్మిన మనిషి మాత్రం ఇంకా తారసపడలేదు. మీటర్ల మీద ఫిర్యాదులు విని విని, లోకంలో ప్రతి మీటరునూ ఎవరో ఒకరు చాటుగా తిప్పుతూనే ఉంటారన్న నిశ్చయానికి వచ్చేశాడు. బత్తాగోర్ చేపవడల బండివాణ్ణి కూడా పల్లీల పచ్చడిలో నీళ్ళు కలిపావా అని నిలదీశాకే ప్లేటు అందుకుంటాడు.

అంతటి అనుమానపు పక్షి మనసిచ్చుకున్నది ప్లాస్టిక్ కెమెరాలకి. పిల్లల బొమ్మల్లా ఉండి, ఎక్కడపడితే అక్కడ వెలుతురు కారే రీలు కెమెరాలు. పాత సామాన్ల సంతలో ఏరి తెచ్చి బీరువాలో కొలువు తీర్చాడు. వాటిలో పట్టపురాణి నీలం రంగుది. అతుకులన్నిటికీ నల్ల టేపు చుట్టడం వల్ల అప్పుడే ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చినట్టుంటుంది.

"ఏం జాంగ్, బొమ్మకి కట్లు ఎప్పుడు విప్పుతారట?" అని పేరు కురచ చేసి అడుగుతుంది అత్తగారు ఓయోహ్. ఆవిణ్ణి ఇంటిల్లిపాదీ ఎమా, అంటే అమ్మా, అంటారు. వెటకారం ఆవిడ మాతృభాష.

ఒకసారి నీలం కెమెరా రీలు కడిగించి తెస్తే, స్టేషన్లో ఆగి ఉన్న రైలు మీద ఎండుచేపలు తేలుతూ కనిపించాయి. ల్యాబువాడు ఎవరి రీలో కలిపేశాడని ఎన్జాంగ్ వెళ్ళి గట్టిగా అడిగాడు. వాడు బిడ్డల మీద ఒట్టు వేశాడు. ఎన్జాంగ్ ఒట్లను కూడా నమ్మడు.

ఆ ఆదివారం కెమెరాల క్లబ్బులో, అంటే డెడెన్ కాఫీ కొట్లో, ఆ ఫొటోని తీగకి తగిలించారు. క్లబ్బు పెద్ద డెడెన్ దాని ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఎన్జాంగ్‌ని అతను కాంగ్, అంటే అన్నయ్యా, అని పిలుస్తాడు.

"కాంగ్! రైలేమో ప్రయాణం, చేపలేమో ఆకలి! ఎలా తట్టింది కాంగ్ మీకు?"

నిజం చెప్పడానికి అదే అదను. ఎన్జాంగ్ గొంతు సవరించుకున్నాడు.

"ఏదో... కాస్త ఆలోచించాను."

తర్వాతి రీళ్ళలో ఫ్లైఓవర్ మీద బట్టలు ఆరాయి, గడియారపు స్తంభం నెత్తిన చెప్పు వెలిసింది. క్లబ్బు ఉబ్బితబ్బిబ్బై, కొట్లోనే పెట్టబోయే ప్రదర్శనలో ఒక గోడంతా ఆయనకే ఇచ్చి, పైన పేరు రాసి పెట్టింది. ఒకటే షరతు. వచ్చే ఆదివారం అందరి ముందూ ఆ విద్య చేసి చూపించాలి.

ఎన్జాంగ్ నీలం కెమెరాని ముందు పెట్టుకుని కూర్చున్నాడు. ఈ కెమెరాల్లో మీట నొక్కడానికీ రీలు తిప్పడానికీ పొత్తు లేదు. నొక్కాక తిప్పడం మరిచిపోతే, ఒకే గడిలో రెండో బొమ్మ వచ్చి మొదటిదాని ఒళ్ళో కూర్చుంటుంది. కానీ ఆయన మరిచిపోయే మనిషా? నొక్కీ నొక్కగానే తిప్పేసి, వెనకనున్న ఎర్ర కిటికీలో కొత్త అంకె వచ్చిందా అని చూసుకునే రకం. అంటే ఆ కొత్త గడి మీద తనకంటే ముందే మరెవరో నొక్కుతున్నారు. తిప్పడం లేదు గనక అంకె మారడం లేదు. ఇంత శుభ్రమైన దొంగతనం ఆయన సర్వీసులో చూడలేదు.

ముందు డెడెన్‌ని అనుమానించాడు. పొగిడి గోడ ఎక్కించి, నలుగురిలో కింద పడెయ్యడానికే ఇదంతా! కానీ గడియారం మీది చెప్పును మళ్ళీ పరకాయించి చూస్తే, తెగిన పట్టీకి కట్టిన ప్లాస్టిక్ తాడు ఆయన తన ఇంటి గుమ్మంలో రోజూ చూసేదే.

శనివారం పొద్దున బజారుకని బయల్దేరి, సందు చుట్టి వచ్చి, పెరట్లో నీళ్ళ డ్రమ్ము వెనక నక్కాడు. ఎమా కెమెరాతో బయటికొచ్చింది. కంటికి ఆనించి చేపల తట్ట, దండెం, గోడ అన్నీ గాలించింది. టక్.

"ఎమా! ఏం చేస్తున్నారు?"

ఆవిడ ఉలిక్కిపడలేదు. "నేనే నిన్ను అడుగుదామనుకుంటున్నా. ఎవరది?"

"ఎవరు?"

"ఒంటి కన్ను మూసి ఇందులోకి చూస్తూ ముసిముసిగా నవ్వుకుంటావే, ఆవిడ! నా కూతురి వంక ఏనాడైనా అలా చూశావా? రోజూ వెతుకుతున్నాను. నాకు మాత్రం మన చేపలే కనిపిస్తున్నాయి."

"మరి మీట ఎందుకు నొక్కారు?"

"తలుపనుకున్నా. టక్కుమంటుంది గానీ తెరుచుకోదు. తాళం నీ దగ్గర దాచావు."

"దీనికి తాళం లేదు ఎమా!"

"అందరూ అలాగే అంటారు."

కెమెరా లాక్కోబోయిన ఎన్జాంగ్‌కి ప్రదర్శనలో తన గోడ గుర్తొచ్చింది. చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "రేపు మా క్లబ్బుకి రండి. ఆడవాళ్ళు కూడా వస్తారు. మీరే చూసుకోండి," అన్నాడు ఎంతో మర్యాదగా.

ఆదివారం ఎమా జరీ కెబాయా రవిక తొడుక్కుని తనిఖీ అధికారిలా వచ్చింది. డెడెన్ బల్లలు జరిపించాడు. ఎన్జాంగ్ గంభీరంగా, "మొదటి బొమ్మ మనం తియ్యకూడదు," అని కెమెరా అత్తగారి చేతికిచ్చాడు. ఆవిడ ఆడవాళ్ళందరినీ వరసగా చూసి, నవ్వు ఆపుకోలేకపోతున్న రీనీ అనే అమ్మాయి దగ్గర ఆగింది.

"ఇదేనా?" టక్.

"నేనేం చేశాను ఎమా?" అంది రీనీ.

"అది తర్వాత తేలుతుంది."

ఎన్జాంగ్ కెమెరా తీసుకుని, రీలు తిప్పకుండానే, ఎమా మొహానికి గురిపెట్టి మళ్ళీ నొక్కాడు. డెడెన్ కాసేపు గడ్డం గోక్కున్నాడు.

"అయితే కాంగ్, ఆ చేపలూ, బట్టలూ, చెప్పూ... ఆలోచించి తీసినవి కావన్నమాట."

ఎన్జాంగ్ గోడ మీద తన పేరు వైపు చూశాడు. అక్షరాలు చాలా బాగా రాశారు.

"చెప్పు ఆవిడదే," అన్నాడు చివరికి. "చేపలూ ఆవిడవే. నాకసలు నిన్నటిదాకా తెలీదు."

డెడెన్ నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుని, కుంచె తీసుకుని ఎన్జాంగ్ పేరుకు పైన ఎమా ఓయోహ్ అని రాశాడు. కిందే రాయొచ్చు కదా అని ఎన్జాంగ్‌కి అనుమానం వచ్చింది గానీ, అడగలేదు.

ఫొటో కడిగించి తెచ్చిన రోజు ఎమా దాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళింది. రీనీ నవ్వు మొహంలోంచి, బొమలు ముడిచిన మరో మొహం తొంగి చూస్తోంది.

"ఈ పిల్ల సరే. లోపల ఈ ముసల్ది ఎవత్తె?"

"మీరే ఎమా."

ఆవిడ ఫొటో తిప్పి వెనక చూసింది. మళ్ళీ ముందు చూసింది. తర్వాత అల్లుణ్ణి చూసింది.

"నన్ను లోపల పెట్టావంటే, తాళం ఉందన్నమాట."