వీరభద్రంగారు నడవకూడదు

కుక్కుటేశ్వరశాస్త్రిగారికి యాభయ్యేళ్ళు దాటేదాకా ఆయన కోసమని ఎవరూ ఏమీ ఇచ్చి ఎరగరు. ఇంటికి వస్తువులు రాలేదని కాదు. గొడుగులు వచ్చాయి, చెప్పులు వచ్చాయి, మంచాలు, దుప్పట్లు, రాగిచెంబులు, ఓసారి ఆవు కూడా వచ్చింది. అన్నీ పోయినవాళ్ళ పేరున వచ్చినవే. కోటిపల్లి రేవులో అపరకర్మలు చేయించే బ్రాహ్మడికి మరోలా ఎలా వస్తాయి? పెళ్ళిళ్ళకి పిలిచే పురోహితులు వేరే ఉంటారు. నిన్న ఈయన కాళ్ళు కడిగి నెత్తిన చల్లుకున్నవాళ్ళే, ఇవాళ పొద్దున్నే ఈయన ఎదురైతే ఇంట్లోకి వెళ్ళి మంచినీళ్ళు తాగి మళ్ళీ బయల్దేరతారు. ఆయన నొచ్చుకున్నట్టు ఎప్పుడూ కనబడలేదు. కనబడకపోతే నొప్పి లేదనుకోవడం మనకి హాయి.

డెబ్బై ఆరు వేసవిలో యానాంలో బట్టల కొట్టు వీరభద్రంగారు పోయారు. పిల్లల్లేరు. తమ్ముడి కొడుకు వేంకటరమణ కర్మ చేశాడు. పన్నెండో రోజు దానాల దగ్గర శాస్త్రిగారు ఎప్పుడూ చెప్పేదే చెప్పారు. పోయిన జీవుడు ఏడాది పాటు నడిచి యమపురి చేరతాడు, ఎండకి గొడుగు, ముళ్ళకి చెప్పులు, ఎక్కి వెళ్ళడానికి గుర్రం ఇవ్వాలి, గుర్రం ఎవరికీ ఉండదు కాబట్టి బదులుగా కొబ్బరికాయ, దక్షిణ చాలు అని.

గుమ్మం వెనకనుంచి వీరభద్రంగారి భార్య బుల్లెమ్మ గొంతు వినబడింది.

"ఆయన నడిచిందెప్పుడండి? పక్కవీధికి కూడా బండి మీదే వెళ్ళేవారు. కొబ్బరికాయ ఎక్కి ఎక్కడికి వెళ్తారు? ఆ బండే ఇచ్చెయ్యరా, రమణా."

వేంకటరమణ మొహం మాడిపోయింది. ఆ బండి మీద అతనికి ఎప్పట్నుంచో కన్ను. కానీ పదిమందిలో ఆవిడ మాట తీసెయ్యలేక శాస్త్రిగారి చేతిలో నీళ్ళు వదిలాడు.

అది మోటో గుజ్జి. ఇటలీలో పుట్టిన ఎర్రటి స్పోర్టు బండి. ఫ్రెంచివాళ్ళు యానాం వదిలి వెళ్ళేటప్పుడు వాళ్ళ ఉద్యోగి ఒకడి దగ్గర వీరభద్రంగారు కొన్నారు. మన బుల్లెట్టుకి సిలిండరు నిలబడి ఉంటుంది. దీనికి పడుకుని ముందుకి చూస్తుంటుంది. ఎడమపక్క ఫ్లైవీలు అనే ఇనపచక్రం భోజనం పళ్ళెమంత ఉండి, మూతా గీతా లేకుండా బయటే తిరుగుతుంది. దానమొచ్చిన ఆవుకి పళ్ళెంచకూడదంటారు గానీ, తొక్కడం కూడా రాని బండిని ఏం చేసుకోవాలో శాస్త్రిగారికి తోచలేదు. ఎడ్లబండి మీద వేయించుకుని కోటిపల్లి తెచ్చుకున్నారు.

ఆయన ఇంటికి వచ్చిన దానం ఏదీ వారం నిలవదు. గొడుగులూ చెప్పులూ కొట్టుకి వెళ్ళిపోతాయి, మరో చావింటినుంచి మళ్ళీ ఆయన దగ్గరికే వస్తాయి. కొన్ని గొడుగులైతే ఈపాటికి ఆయన్ని గుర్తుపడుతూ ఉండాలి. బండి కూడా అలాగే వెళ్ళాల్సింది. కబురు తెలిసి రామచంద్రపురంనుంచి రైసుమిల్లు నాగేశ్వరప్రసాద్ తన నార్టన్ మీద ఊడిపడ్డాడు. మోటారుసైకిళ్ళంటే పిచ్చి మనిషి. గుజ్జి చుట్టూ ప్రదక్షిణం చేసి, శాస్త్రిగారి తాటాకు కప్పు తీసేసి పెంకు వేయించుకోగలిగినంత బేరం చెప్పాడు. మొదటి మాసికం అయ్యాక పట్టుకెళ్ళమన్నారు ఈయన.

ఆ మాసికంనాడు విస్తరి ముందు కూర్చుంటుంటే బుల్లెమ్మ అడిగింది.

"బండి తోలుతున్నారా అండి?"

శాస్త్రిగారు తల ఊపీ ఊపనట్టు ఊపారు.

"మొన్న కల్లోకి వచ్చారండి. ఎండలో నడుస్తున్నారు. కాళ్ళకి ఏమీ లేవు. బండేదండీ అంటే మాట్లాడలేదు."

శాస్త్రిగారు కలిపిన ముద్ద విస్తట్లో పెట్టేశారు. ఇచ్చినది పోయినవాళ్ళకి చేరుతుందని ముప్ఫయ్యేళ్ళుగా చెబుతున్నారు, వానాకాలం వాన పడుతుందని చెప్పినంత తేలిగ్గా. నమ్మారా అంటే, అసలు ఆలోచించనే లేదు. ఇప్పుడు ఆ మాటని ఆసాంతం నమ్మిన మనిషి ఎదురుగా కూర్చుంది. ఆయనకి భయం వేసింది, సిగ్గూ వేసింది.

"నడవనివ్వనమ్మా" అన్నారు.

తిన్నగా నాగేశ్వరప్రసాద్ దగ్గరికి వెళ్ళి, సంవత్సరీకం అయ్యేదాకా అమ్మనని చెప్పేశారు. "మరి తోలడం ఎవరు నేర్పుతారండి మీకు?" అన్నాడతను వెటకారంగా. "మీరే" అన్నారు శాస్త్రిగారు. ఏ మూడ్‌లో ఉన్నాడో, అతను సరేనన్నాడు.

అలా రామచంద్రపురంలో పోతురాజు షెడ్డుకి ఆదివారాలు శాస్త్రిగారు రావడం మొదలైంది. పోతురాజు మెకానిక్కు. అక్కడ చేరేవాళ్ళది ఒకటే కులం: జావా వాళ్ళు, బుల్లెట్టు వాళ్ళు, నార్టన్ ఆసామి. మొదటి వారమే శాస్త్రిగారి ఉత్తరీయం ఫ్లైవీలు లాక్కుంది. మెడ దక్కింది, ఉత్తరీయం నూలుపోగులై వచ్చింది. అప్పట్నుంచి పంచె గోచీగా బిగించి, ఉత్తరీయం నడుముకి చుట్టేవారు. గొలుసుకి ఆముదం రాసి అందరిచేతా చీవాట్లు తిన్నారు. కానీ చెయ్యి శుద్ధమైన చెయ్యి. దర్భ ముడి వేసే చేతికి కార్బురేటరు జెట్టు శుభ్రం చెయ్యడం ఎంతసేపు? సంధ్యావందనం అయ్యాక చుక్క పెట్రోలు వొలక్కుండా బండి తుడిచి, రోజూ నూనె చూసేవారు. మూడు నెలలు తిరిగేసరికి, ఇంజన్ చప్పుడు విని పోతురాజుకంటే ముందే "వాల్వు గ్యాపు పెరిగింది కదండీ" అనేవారు.

అందరూ కలిసి ఏటిగట్టు మీద బారుగా వెళ్ళి, రాజమండ్రి కొత్త వంతెన దాటి కొవ్వూరులో టిఫిన్ తిని వచ్చేవారు. ఎప్పుడైనా ఆయన ఆలస్యమైతే ఎవరూ బండి స్టార్ట్ చేసేవారు కాదు. తను ఎదురవడం కోసం మనుషులు ఎదురుచూడటం శాస్త్రిగారు జన్మలో మొదటిసారి చూశారు. ఆ సంగతి ఇంట్లో చెప్పబోయి, మజ్జిగ అడిగి ఊరుకున్నారు.

ప్రతి మాసికానికీ గుజ్జి మీదే యానాం వెళ్ళేవారు. ఆ నింపాది డుబ్ డుబ్ చప్పుడు వీధి మొదట్లో వినబడగానే బుల్లెమ్మ అరుగు మీదికి వచ్చేది.

చైత్రంలో బండి ఆగిపోయింది. ఎగ్జాస్టు వాల్వు తల విరిగింది. ఆ వాల్వు ఇటలీలో తప్ప దొరకదు. పోతురాజు లారీల వాల్వులన్నీ తిరగేశాడు, ఒక్కటీ పొడుగు చాలలేదు. నాగేశ్వరప్రసాద్ మెల్లగా గొంతు సవరించుకున్నాడు.

"ఎలాగూ ఆగిపోయింది కదండీ. ఇలాగే ఇచ్చెయ్యండి. నేను బొంబాయినుంచి తెప్పించుకుంటాను."

శాస్త్రిగారు తల అడ్డంగా ఊపి, బండి షెడ్డులోనే వదిలి ఇంటికి నడిచారు. బస్సు పక్కనుంచే వెళ్ళింది, ఎక్కలేదు. మర్నాటినుంచి ఎక్కడికైనా నడకే. చెప్పులు కూడా లేకుండా నడక. భార్య సీతారామలక్ష్మి నెత్తీ నోరూ కొట్టుకుంది.

"బస్సెక్కితే వీరభద్రంగారిక్కూడా టిక్కెట్టు కొట్టమంటారా ఏంటి?"

"బస్సు ఆయనకి దానం ఇవ్వలేదుగా" అన్నారు ఈయన. "బండి ఆగితే ఆ నడక దానం పుచ్చుకున్నవాడిది. ఆయనది కాదు."

ఇది ఏ శాస్త్రంలోనూ లేదు. ఆయనే కనిపెట్టుకున్నారు. నాకైతే ఆయన చదివిన శాస్త్రాలన్నిటికంటే ఇదే గొప్పగా కనబడుతుంది.

ఆ నెల మాసికానికి చీకటితోనే బయల్దేరి ఏటిగట్టు పట్టుకుని యానాం నడిచారు. ఎండకి గట్టు పెనంలా కాలింది. వేంకటరమణ కాళ్ళు కడగబోయి ఆగిపోయాడు. అరికాళ్ళు బొబ్బలెక్కి చిట్లి ఉన్నాయి. చెంబు పట్టుకున్న బుల్లెమ్మ అవి చూసింది.

"బండి బాగవుతుందమ్మా. అందాకా ఆయన వంతు నేను నడుస్తున్నాను" అన్నారు శాస్త్రిగారు. ఆవిడ మెల్లగా నీళ్ళు పోసింది.

సంగతి వేంకటరమణ నోట రామచంద్రపురం చేరింది. ఆ ఆదివారం శాస్త్రిగారు కుంటుకుంటూ షెడ్డుకి వెళ్ళేసరికి, నేల మీద గోనెసంచి పరిచి ఓ ఇంజన్ విప్పి ఉంది. అది గుజ్జిది కాదు. నార్టన్‌ది. నాగేశ్వరప్రసాద్ చేతులనిండా నల్లనూనె.

"దీని వాల్వు పొడుగు ఎక్కువేనండి. తల అరగదీసి కాడ కోస్తే సరిపోతుందంటున్నాడు పోతురాజు" అన్నాడు, మొహం చూడకుండా.

"మరి మీ బండి?"

"నా బండి మీద ఎవరూ యమపురికి వెళ్ళటం లేదుగా."

కోసిన వాల్వు మళ్ళీ నార్టన్‌కి పనికిరాదు. అది తెలిసే కోయించాడు. పోతురాజు లేతు మిషను మీద అది చెక్కుతున్నంతసేపూ జావా వాళ్ళూ బుల్లెట్టు వాళ్ళూ చుట్టూ నిలబడ్డారు.

సంవత్సరీకంనాడు గుజ్జి యానాం వీధిలోకి వచ్చింది. తోలుతున్నది శాస్త్రిగారు, వెనక సీటు మీద నాగేశ్వరప్రసాద్. బుల్లెమ్మ అరుగు మీద నిలబడి, ఇంజన్ ఆపేదాకా కళ్ళు మూసుకుని విన్నది.

కర్మ ముగిశాక శాస్త్రిగారు చెప్పారు. "ప్రయాణం పూర్తయిందమ్మా. చేరిపోయారు."

"నడవలేదు కదండీ?"

"ఒక్క అడుగు కూడా నడవలేదు."

ఆవిడ ఏడ్చింది. ఏడాదిలో మొదటిసారి హాయిగా ఏడ్చింది. తరవాత లోపలికి వెళ్ళి, కాకినాడనుంచి తెప్పించిన అట్టపెట్టె తెచ్చి ఆయన ముందు పెట్టింది. కొత్త బూట్లు. బండి తొక్కేవాళ్ళు వేసుకునే గట్టివి.

శాస్త్రిగారు అలవాటు ప్రకారం చెయ్యి చాపి, "గోత్రం..." అంటూ సంకల్పం మొదలెట్టారు.

"దానం కాదండి" అంది బుల్లెమ్మ. "ఇవి మీకు."

మంత్రం లేకుండా వస్తువు ఎలా పుచ్చుకుంటారో ఆయనకి తెలీదు. పెట్టె ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. వెళ్దామా అండీ అని నాగేశ్వరప్రసాద్ రెండుసార్లు అడిగాడు. అప్పుడు శాస్త్రిగారు అరుగు మీదికి వచ్చి కూర్చుని, అందరూ చూస్తుండగా, ఆ బూట్లు తొడుక్కుని బండి దగ్గరికి నడిచారు.