నడకా, కారా: ఔలిస్ గారి తూకం

ఔలిస్ హుర్స్కయినెన్‌కి చెడ్డ అలవాట్లేమీ లేవు. ఉన్నదల్లా ఒక్కటే జబ్బు. ఆఫీసుకి నడిచి రావడం మేలా, కారులో రావడం మేలా అని ఆయన తూకం వేస్తున్నాడు. నిన్నా మొన్నటి నుంచి కాదు, పదకొండేళ్లుగా. ఈలోగా ఫిన్లాండులో ప్రభుత్వాలు మారాయి, ఆఫీసులో ముగ్గురు అధికారులు రిటైరయ్యారు, కాఫీ యంత్రం రెండుసార్లు చచ్చి బతికింది. ఆయన తూకం మాత్రం తేలలేదు.

పొద్దున తొమ్మిదింటికి కాఫీ గదిలో రోజూ ఇదే భాగోతం. కైనూ ప్రాంతపు ఆ చిన్న ఊళ్లో, భూముల సర్వే ఆఫీసులో ఉన్న పందొమ్మిది మందిలో ఆయన పోను తక్కినవాళ్లంతా కప్పులు పట్టుకుని ఆయన కోసమే చూస్తుంటారు. ఆయన కనుబొమ్మల మీది మంచు దులుపుకుంటూ లోపలికొస్తాడు.

"ఇవాళ ఏది గెలిచింది, ఔలిస్ గారూ?" అని మర్యుత్ అడుగుతుంది.

"కారు. ఏడు పాయింట్ల తేడాతో."

"మరి నడిచొచ్చారేం?"

"అంత కష్టపడి గెలిచింది. ఇవాళైనా దాన్ని పడుకోనివ్వొద్దూ?"

మర్నాడు నడక గెలుస్తుంది. నడిచే వస్తాడు. ఆ మర్నాడు సమానం. సమానమైతే తీర్పు రాలేదన్నట్టు, తీర్పు రానప్పుడు కారు తీయడం అన్యాయమట. అదీ నడకే. కారు లేక కాదండోయ్. ఇంటి దగ్గర నీలం రంగు కారుంది. ఆదివారం ఆదివారం దానికి స్నానం చేయించి, దుప్పటి కప్పి, "తొందరపడకు, నీకూ రోజొస్తుంది" అని దాని వీపు తడతాడని వాళ్లావిడే చెప్పింది.

ఆ తూకానికి ఓ నల్ల అట్ట పుస్తకం. అందులో డబ్బు లెక్క ఒక్కటీ ఉండదు. పెట్రోలు ధర ఎంతని అడిగితే "అది దుకాణాల వాళ్ల గొడవ" అనేవాడు. ఆయన రాసేవి వేరే. దారిలో ఎదురైన కుక్క తోక ఊపితే నడకకి రెండు. కుక్క యజమాని తల ఊపితే నడకకి అయిదు, ఎందుకంటే అది అరుదు. ముక్కు గడ్డకడితే నడకకి మూడు కోత. కారులో రేడియో వార్తలు వినాల్సొస్తుంది కాబట్టి కారుకి నాలుగు కోత. కారులో ఒక్కడే పాట పాడుకోవచ్చు కాబట్టి కారుకి ఆరు. ఆయన పాట విన్న వాళ్లావిడ ఆ ఆరూ కొట్టేసి, పక్కన పొట్టిగా సంతకం పెట్టింది.

ఓసారి ఉద్యోగుల ఆరోగ్యం పెంచడానికి రాజధాని నుంచి ఓ సలహాదారుణ్ణి రప్పించారు. ఆయన రెండు కిలోమీటర్ల దూరంలోని రైలు స్టేషన్నుంచి టాక్సీలో దిగి, నడక మహత్యం మీద గంటన్నర ఉపన్యాసం దంచాడు. చివర్లో అందరికీ అడుగులు లెక్కపెట్టే పట్టీలు పంచారు. రోజుకి పది వేల అడుగులన్నారు. వారం తిరక్కుండా ఆ పట్టీల్లో సగం పెంపుడు కుక్కల మెడల్లోకి చేరాయి. సెక్షను అధికారి ఇల్పో మొదటి బహుమతి కొట్టేశాడు, ఆయన కుక్క వేట జాతిది మరి. రోజుకి తొమ్మిది కిలోమీటర్లు నిజంగా నడిచే ఔలిస్ మాత్రం పట్టీ కట్టుకోనన్నాడు. "తూకం తేలకుండా ఒక పక్షం పట్టీ నేనెలా కట్టుకుంటాను?" అన్నాడు.

ఇదంతా నవ్వుకోడానికి బాగానే ఉంది. మర్యుత్‌కి నవ్వు రానిది ఒక్క చోటే.

ఆఫీసు పెరట్లో కరెంటు స్తంభాలు ఎనిమిదున్నాయి. చలికాలంలో రెండు గంటలు ముందుగా ఇంజనుకి ఆ స్తంభం నుంచి వేడి తగిలించకపోతే కారు బండరాయే. పందొమ్మిది మందికి ఎనిమిది స్తంభాలు, సర్వీసు లెక్కన కేటాయింపు. అందులో గుమ్మం పక్కనే ఉన్న ఒకటో నంబరు ఔలిస్ గారిది. పదకొండేళ్లుగా అక్కడ కారు ఆగిన పాపాన పోలేదు. వదులుకోమంటే, "తూకం కారు వైపు తేలితే అప్పుడు స్తంభానికి ఎక్కడికి పోను?" అంటాడు.

సరిగ్గా దాని వెనక వరసలో, స్తంభం లేని చోట, మర్యుత్ పాత కారు పెట్టుకునేది. నాలుగేళ్ల కూతురు విల్యాని సాయంత్రం అయిదింటికల్లా శిశువిహారం నుంచి తెచ్చుకోవాలి. అయిదు దాటిందో, పిల్ల కోటూ బూట్లూ వేసుకుని తలుపు దగ్గర ఒక్కతే నిలబడుతుంది. పక్కన టీచరు గడియారం చూసుకుంటూ ఉంటుంది. ఇంటికి పోతే అందుకోడానికి మరో మనిషి లేడు, విల్యాకి తల్లీ తండ్రీ ఆవిడే. రోజూ నాలుగున్నరకి తాళం తిప్పేటప్పుడు మర్యుత్ ఊపిరి బిగబట్టేది. కారు బుద్ధిగా కదిలేది. "దీని గుండె గట్టిదమ్మా! స్తంభం లేకపోయినా ఒక్కనాడు మొరాయించలేదు" అని రెండు చలికాలాలుగా కాఫీ గదిలో గొప్పలు పోయింది. ఔలిస్ ఆ మాట విన్నప్పుడల్లా బన్ను నోట్లో కుక్కుకునేవాడు.

పైగా ఆ మహానుభావుడు రోజూ మధ్యాహ్నం రెండుంపావుకి బొచ్చు టోపీ పెట్టుకుని "గాలి చూసొస్తా, లెక్కకి కావాలి" అని పెరట్లోకి వెళ్లేవాడు. నాలుగుంపావుకి మళ్లీ ఓసారి. వెళ్లినవాడు ఊరుకోకుండా పార తీసుకుని తన ఖాళీ స్థలంలో మంచు సర్దేవాడు. ఇల్పో ఓరోజు కిటికీలోంచి చూసి గుండె పట్టుకున్నాడు. "మంచు తీస్తున్నాడనుకున్నానర్రా! పోస్తున్నాడు!"

డిసెంబరులో మైనస్ ముప్పై వారం వస్తోందని వాతావరణం వాళ్లు చెప్పారు. మర్యుత్‌కి నిద్ర పట్టలేదు. ఔలిస్ బల్ల ఆవిడ బల్లకి మూడు మీటర్ల పన్నెండు సెంటీమీటర్లు. సర్వే ఆఫీసు కాబట్టి కొలిచారు కూడా. "అయ్యా, మీ స్తంభం ఈ నెలకి నాకిస్తారా?" అని ఒక్క మాట అడిగితే సరిపోయేది. అక్కడి ఆవిరి స్నానాల గదిలో నూలుపోగు లేకుండా పక్కపక్కన కూర్చోడానికి వీళ్లెవరికీ సిగ్గు లేదు గానీ, పక్క బల్ల మనిషిని మొహం మీద సాయం అడగాలంటే ప్రాణం పోతుంది. అంచేత మర్యుత్ మూడు పేజీల ఫిర్యాదు రాసి స్తంభాల కమిటీకి పెట్టింది. ఔలిస్ నోరు విప్పి కారణం చెప్పినా సరిపోయేది. ఆయనా ఆ జాతివాడే. "పరిశీలన కొనసాగుతున్నది" అని మూడు ప్రతుల్లో జవాబు రాశాడు.

కమిటీ కూర్చుంది. ఇల్పో అధ్యక్షుడు.

"ఏమయ్యా ఔలిస్, తేలిందా లేదా?"

"వసంతం లెక్కలు రావాలి."

"పదకొండు వసంతాలు వెళ్లిపోయాయి కదయ్యా!"

"ఏ రెండూ ఒక్కలా లేవండీ."

పావుగంటలో స్తంభం ఊడింది. మర్యుత్ లోపల్లోపల ఎగిరి గంతేసింది. అప్పుడు ఇల్పో నిరీక్షణ జాబితా చదివాడు. మొదటి పేరు ఇల్పోదే. కొత్త కారు కొన్నాక ఆయనకి రెండో స్తంభం అవసరమైందట, భార్య కారుకి. మర్యుత్ ఏడో పేరు. న్యాయం జరిగితే అది తనకే జరుగుతుందనుకుని పాపం ఆవిడ జాబితా చూడనే లేదు.

సోమవారం మైనస్ ఇరవై ఏడు. సాయంత్రం నాలుగున్నరకి మర్యుత్ తాళం తిప్పింది. ముసలాయన దగ్గినట్టు కారు ఒక్కసారి దగ్గింది. రెండోసారి అదీ లేదు. అప్పటికి అందరూ వెళ్లిపోయారు. టాక్సీకి ఫోను చేస్తే నలభై నిమిషాలు ఆగమన్నారు. అయిదింటికి అరగంటే ఉంది.

తల ఎత్తి చూస్తే ఔలిస్. దొంగతనం చేసి దొరికినవాడిలా నిలబడ్డాడు.

"కదలదమ్మా. ఇవాళ వేడి అందలేదు కదా."

"ఇవాళేమిటండీ? నా బండికి వేడి ఎప్పుడందింది?"

ఔలిస్ బూటుతో నేల గీకాడు. మంచు కింద పసుపు పచ్చ వైరొకటి బయటపడింది. ఒకటో నంబరు స్తంభం నుంచి తిన్నగా మర్యుత్ కారు ముక్కు దాకా ఉందది.

మర్యుత్ వైరు వంక చూసింది. ఆయన వంక చూసింది. మళ్లీ వైరు వంక చూసింది.

"రెండు చలికాలాలూనా?"

"నువ్వు రాకముందు ఇక్కడ మన ఆఫీసు కుర్రాడు, ఆ కార్లో అనేవాడు, బండి పెట్టేవాడు. అప్పుడు వాడికి. వాడి కంటే ముందు ఆ పొడుగమ్మాయి..."

"చెప్పొచ్చు కదండీ నాతో!"

"స్తంభం నుంచి నేల మీద వైరు లాగకూడదని నిబంధనల్లో మొదటి పేజీలోనే ఉంది. చెబితే ఆపాలి. స్తంభం వదిలేద్దామంటే నీ దాకా రాదు, జాబితాలో పైవాళ్లు ఎగరేసుకుపోతారు. అందుకని..."

"అందుకని పదకొండేళ్లు తూకం వేశారా?"

"ఏదో ఒకటి చెప్పాలి కదమ్మా."

మర్యుత్‌కి ఏడవాలో నవ్వాలో తెలియలేదు. ఫిర్యాదు మూడు పేజీలూ ఒక్కో వాక్యంగా గుర్తొచ్చి చెవులు కాలిపోయాయి. "ఆ కాగితం రాసింది నేనే" అంది.

"తెలుసు. రెండో పేజీ బాగా రాశావు. పద, టైమవుతోంది. కారైతే వంతెన చుట్టూ తిరగాలి. నడకైతే నది మీంచి పోవచ్చు. గడ్డకట్టి నెలైంది. ఇరవై రెండు నిమిషాలు."

నది మీద స్కీ దారి వెంట ఆయన ముందు, ఆవిడ వెనక. అవతలి ఒడ్డున శిశువిహారం దీపాలు కనపడేదాకా మర్యుత్ ఫోను చూస్తూనే ఉంది. సగం దూరంలో ఊపిరి అందక ఆగింది.

"ఆగకు. పిల్లకి నువ్వు రొప్పుతూ వస్తున్నావని తెలీదు. రావడం ఒక్కటే తెలుస్తుంది" అన్నాడు ఔలిస్ వెనక్కి తిరక్కుండా.

నాలుగూ యాభై ఎనిమిదికి తలుపు తోశారు. విల్యా ఇంకా కోటు కూడా వేసుకోలేదు, జిగ్సా ముక్కలు ఏరుతోంది. మర్యుత్ ఆ పిల్లని వాటేసుకుని చాలాసేపు వదల్లేదు.

విల్యాని ఎత్తుకుని బస్సు స్టాపు దాకా నది ఒడ్డంట నడిచారు. దారిలో మర్యుత్ అడిగేసింది. "నిజం చెప్పండి. నడకా, కారా? అసలేది గెలిచింది?"

"నడకే. మొదటి ఏడాది అక్టోబరులోనే తేలిపోయింది" అన్నాడు ఔలిస్. "పొద్దున్నే నడుస్తుంటే హాయిగా ఉంటుంది. అంతే. దానికి లెక్కెందుకు?"

బుధవారానికి కమిటీ మళ్లీ కూర్చోవాల్సొచ్చింది. ఔలిస్ గారి స్తంభం ఆయనకే తిరిగివ్వాలని అర్జీ వచ్చింది. దాని మీద పదిహేడు సంతకాలు. మొదటి సంతకం మర్యుత్‌ది. వైరు సంగతి అర్జీలో ఎక్కడా లేదు, ఒకప్పుడు ఆ వరసలో బండి పెట్టిన కార్లో మాత్రం సంతకం పెడుతూ ముక్కు చీదుకున్నాడట.

ఇల్పో అర్జీని రెండుసార్లు చదివాడు. "ఏమిటమ్మా మర్యుత్ ఇది? ఆయన స్తంభం పీకించిందీ నువ్వే, ఇమ్మంటున్నదీ నువ్వేనా?"

మర్యుత్ లేచి నిలబడింది. పుట్టి బుద్ధెరిగాక అంతమందిలో ఆవిడ మొహం మీద మాట్లాడడం అదే మొదటిసారి.

"తప్పు నాదేనండీ. తూకం మధ్యలో ఆపించాను. సోమవారం మా విల్యాని ఎత్తుకుని నది ఒడ్డంట నడిచాం. పిల్లనెత్తుకుంటే మనం నడుస్తాం గానీ, పిల్ల సవారీ చేస్తుంది. ఇప్పుడా పాయింట్లు నడకకి వెయ్యాలా, సవారీ కాబట్టి కారుకి వెయ్యాలా? ఇన్నేళ్లలో ఔలిస్ గారు పిల్లల లెక్కే తీసుకోలేదు. మొత్తం మొదటి నుంచి తూచాలి."

గదిలో ఎవరూ నవ్వలేదు. సంతకాలు పెట్టిన తక్కిన పదహారు మందీ నేల చూపులు చూస్తున్నారు. ఔలిస్ మాత్రం చాలా సీరియస్‌గా తల పంకించి, "పెద్ద లోపమే" అన్నాడు.

"మొదటి నుంచా?" ఇల్పో తల పట్టుకున్నాడు. "ఎన్నాళ్లు పడుతుందమ్మా?"

"పిల్ల పెద్దదయ్యేదాకా పడుతుంది" అంది మర్యుత్. "ఆ తర్వాత ఆ వరసలో ఎవరు కారు పెడితే, వాళ్ల పిల్లలున్నారు."