మెంతుల నీళ్ల మేడం

నవ్వితే నవ్వుండ్రి గానీ, నిన్న మా బాత్‌రూం తలుపు పగలగొట్టి నన్ను బయటికి తీసిండ్రు. తప్పు తలుపుది కాదు.

పెండ్లికి ముందునుంచే నాకు కీళ్లవాతం. పిల్లలు కావాలె అన్నప్పుడే డాక్టర్ గట్టి గోలీ ఆపి, ఇంకోటి రాసిచ్చిండు. "ఇది కడుపుతోని ఉన్నా వేసుకోవాలె, పాలిచ్చేటప్పుడూ వేసుకోవాలె" అని రెండుసార్లు చెప్పిండు.

కడుపుతోని ఉన్నన్ని రోజులు నొప్పులు మాయం. చాలామందికి అట్లనే తగ్గుతదట, కాన్పు అయినంక మళ్ల వస్తదట. డాక్టర్ అదీ చెప్పిండు. నేను సగమే విన్న. అంతా నేను రోజు పొద్దున తాగే మెంతుల నీళ్ల మహిమ అనుకున్న. లాక్‌డౌన్‌ల వేరే పనేముంది? ఊరుగాని ఊరు ఈ అడాజన్‌ల, మా అపార్ట్‌మెంట్ సొసైటీ వాట్సాప్ గ్రూపుల హిందీల వీడియోలు పెట్టుడు షురూ చేసిన. "గోలీలు బంద్ చెయ్యుండ్రి, మెంతులను నమ్ముండ్రి." అందరు దండాల ఎమోజీలు పెట్టిండ్రు.

బిడ్డ పుట్టినంక, పాలిస్తున్న గదా అని ఉన్న ఆ ఒక్క గోలీ గూడ మానేసిన. డాక్టర్‌ను అడగలే. అడిగే స్థాయి దాటిపోయిన అప్పటికి.

మానేసి నెలన్నర అయింది. నిన్న పొద్దున స్నానానికి పోయి అరచేత్తోని గొళ్లెం నూకిన. తీద్దామంటే వేళ్లు వంగుతలేవు, ఉబ్బి అరటిపండ్ల లెక్క అయినయ్. బయట పాప ఏడుస్తుంది. మా ఆయన శ్రీకాంత్ చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకొని ఆఫీసు మీటింగ్‌ల ఉన్నడు. నాకూ ఏడుపొచ్చింది. లోపలికి తెచ్చుకున్న ఫోన్‌ల పక్కింటి జిగ్నాబెన్‌కు వాయిస్ మెసేజ్ పెట్టిన. బొటనవేలు జారి అది సొసైటీ గ్రూపుకు పోయింది.

ఐదు నిమిషాలల్ల మాస్కులు పెట్టుకొని ఆరుగురు దిగిండ్రు. వాళ్ల లొల్లికి మీటింగ్ ఇడిసి ఉరికొచ్చిన శ్రీకాంత్ భుజంతోని గుద్దితే గొళ్లెం ఊడింది. జిగ్నాబెన్ పాపను నా ఒళ్లో పెట్టి మెల్లగ అన్నది: "భాభీ, నీ వీడియో చూసి మా అత్త గూడ కీళ్ల మందు మానేసింది. మంచం దిగుతలేదు. నువ్వే వచ్చి చెప్పు."

ముందుగాల పోయి ఆ పెద్దామెకు మందు మానొద్దని చెప్పొచ్చిన.

మధ్యాహ్నం వీడియో కాల్‌ల డాక్టర్ నా చేతులు చూసిండు. "అదే గోలీ మళ్ల మొదలుపెట్టు, పాలకు అడ్డం లేదు. పాత గట్టి గోలీ మాత్రం పాలు మాన్పించేదాక ముట్టకు. అయినా ఎవరమ్మా నిన్ను మానేయమన్నది?"

"మా సొసైటీల ఒకామె, సార్."

"చదువుకున్నామేనా?"

"బీటెక్, సార్."

"అసుంటోళ్ల మాటలు వినకు. ఆమె నెంబర్ బ్లాక్ చెయ్."

"సరే సార్" అన్న. పక్కన శ్రీకాంత్ నవ్వు ఆపుకోలేక దగ్గుడు మొదలుపెట్టిండు.

డాక్టర్ అద్దాలు సవరించుకొని, "ముందు ఆయనకు కరోనా టెస్టు చేయించు" అన్నడు.