ఆండాలుకు నేను చెప్పని సంగతులు

1974. జనగామ తాలూకాలో, నర్మెట్టకు అవతల ఒక ప్రైమరీ హెల్త్ సెంటర్‌లో లేడీ హెల్త్ విజిటర్‌గా పనిచేస్తున్నాను. ఊరి పేరు రాయను, ఆండాలు ఇంటివాళ్లు ఇంకా అక్కడే ఉన్నారు. లేడీ హెల్త్ విజిటర్ అంటే ఊళ్లు తిరిగే నర్సుల మీద ఒక మెట్టు. కాన్పులు చూడాలి, సూదులు వేయించాలి, రిజిస్టర్లు రాయాలి, అన్నీ చేశాక డాక్టరు చేత తిట్లు తినాలి. మాది మానుకోట. అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమంలో మా ట్రైనింగ్ స్కూలు మూతబడి నాకు ఏడాది పోయింది. అందుకేనేమో, ఉద్యోగం దొరికాక ఆత్రం ఎక్కువైంది. కుటుంబ నియంత్రణలో అందరికంటే నా కేసులే ఎక్కువ ఉండాలని పంతం. నోరు కూడా ఎక్కువే. ఈ రెండూ ఒప్పుకోకుండా ఆండాలు సంగతి రాయలేను.

మా సెంటర్‌లో బుధవారం లూప్ రోజు. లూప్ అంటే పాములాగా మెలికలు తిరిగిన చిన్న తెల్లటి ప్లాస్టిక్ ముక్క. దాన్ని సన్నటి గొట్టంలోకి లాగితే నిటారుగా అవుతుంది. గొట్టాన్ని గర్భసంచిలోకి పంపి వదిలితే లోపల మళ్లీ మెలిక తిరిగి కూర్చుంటుంది. కింద రెండు దారాలు వేలాడుతుంటాయి. లూప్ ఉన్నన్నాళ్లూ కడుపు రాదు, వద్దనుకుంటే దారం పట్టి తీసేయవచ్చు. మంచి వస్తువే. ఇన్నేళ్ల తర్వాత కూడా దానిమీద నాకు కోపం లేదు.

ఊళ్లో మాత్రం దాని గురించి ఎన్ని కథలో. గుండెకాయ దాకా పాకుతుందట, మొగుణ్ని గుచ్చుతుందట. ఆ కథలకు జవాబు చెప్పే ఓపిక లేక మేము ఒక సులువైన దారి పట్టాం. వచ్చిన మనిషికి వీలైనంత తక్కువ చెప్పడం. ఎక్కువ చెబితే భయపడి లేచిపోతారని మా పైవాళ్ల మాట. ఇంకో మాట కూడా అలవాటుగా అందరికీ చెప్పేవాళ్లం, "మీ అత్తకు చెప్పకు" అని. ఎందుకంటే లూప్ తీయించడానికి కోడళ్లను రెక్క పట్టుకుని లాక్కొచ్చిన అత్తలను మేము చాలామందిని చూశాం.

ఆండాలు చంకలో పిల్లను వేసుకుని, సూది వేయించాలనే వంకతో వచ్చింది. ఇరవై ఆరేళ్లుంటాయి. పటేళ్ల ఇల్లు, బావి కింద పొలం, పాలేళ్లు, తిండికి లోటు లేదు. కానీ కనురెప్ప కిందికి లాగి చూస్తే లోపల తెల్లగా సున్నం కొట్టినట్టుంది. ఐదు కాన్పులు, ముగ్గురు మిగిలారు. చివరి కాన్పులో రక్తం ఆగక జనగామకు తీసుకుపోయారట. ఇంకో కాన్పు అయితే నీ ప్రాణానికి పూచీ లేదని అక్కడి డాక్టరమ్మ చెప్పింది. ఒంట్లో రక్తం పట్టేదాకా పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ కూడా చేయలేమన్నారు. రక్తం తక్కువున్న మనిషికి లూప్ వేసే ముందు రెండుసార్లు ఆలోచించాలని మా పుస్తకంలో ఉంది. మేము ఒక్కసారే ఆలోచించాం.

"నొస్తదా నర్సమ్మా?" అని అడిగింది.

"చీమ కుట్టినట్టుంటది."

అబద్ధం. స్పెక్యులమ్ అనే ఇనుప పరికరం చల్లగా లోపల ఆనుతుంది. గర్భసంచి ముఖాన్ని ఒక పట్టకారుతో పట్టుకుంటాం, అప్పుడు చురుక్కుమంటుంది. లోతు కొలవడానికి పుల్లలాంటి సౌండ్ పెడతాం, అప్పుడు పొత్తికడుపు మెలిపెడుతుంది. లూప్ లోపలికి పోయేటప్పుడు ఇంకోసారి. మొత్తం పది నిమిషాల పనే. కొందరికి కళ్లు తిరుగుతాయి, కొందరికి వాంతి వచ్చినట్టవుతుంది. ఆండాలు బల్ల అంచు పట్టుకుని పడుకుంది. నుదుటి మీద చెమటలు పోశాయి కానీ నోరు మెదపలేదు. అయిపోయాక మెల్లగా లేచి కూర్చుని నా మొహంలోకి చూసింది.

"మీ మానుకోటల చీమలు గింత పెద్దగుంటయా నర్సమ్మా?"

ఇద్దరం నవ్వుకున్నాం. ఆమె నవ్వడం నేను చూసింది ఆ ఒక్కసారే.

చీర సర్దుకుంటూ అడిగింది. "నెత్తురు కనబడ్తదా?"

"జర మరకలు కనబడ్తయ్. రెండు మూడు నెలల్ల సర్దుకుంటది."

"మా అత్తకు చెప్పాల్నా? ఆయనకైతే పొలం, పంచాయతీ తప్ప ఇంటి సంగతులు పట్టవు. ఏది చెప్పినా అమ్మనడుగు అంటడు."

"ఎవ్వలకు చెప్పకు. ముఖ్యంగ మీ అత్తకు చెప్పకు. లేనిపోని పరేషాన్."

ఆమె ఇంకేదో అనబోయింది. బయట ఇంకో నలుగురు కూర్చుని ఉన్నారు. నేను తర్వాతి మనిషిని పిలిచాను.

జర మరకలు అన్నాను. ఆ మరకలు ఎలాంటి ఇంట్లోకి పోతున్నాయో అడగలేదు. మా ఇంట్లోనూ ఆ ఆచారం ఉంది, నాకు తెలియనిది కాదు. పటేళ్ల ఇంట్లో ముట్టయితే మూడు రోజులు బయట. కొట్టం పక్కన వసారాలో వేరే చాప, వేరే గిన్నె. నాలుగోనాడు తలస్నానం చేసి ఇంట్లోకి వస్తారు. లూప్ వేశాక మరక కనబడగానే ఆండాలు బయట కూర్చుంది, నాలుగోనాడు స్నానం చేసింది. ఐదోనాడు మళ్లీ మరక కనబడింది. దాచిపెట్టి వంటింట్లోకి పోయే మనిషి కాదు, దీపం పెట్టే ఇల్లు అది. మళ్లీ బయట కూర్చుంది. మళ్లీ స్నానం, మళ్లీ మరక. అలా ఇరవై రోజులు దాటాయి.

అది నాట్ల కాలం. కూలీలకు సద్దులు కట్టాలి, బావి నుంచి నీళ్లు మోయాలి. అత్త రాజవ్వకు మోకాళ్ల నొప్పులు. అయినా అరవై ఏళ్ల మనిషి పొయ్యి ముందు కూర్చోవలసి వచ్చింది. పెద్ద పిల్లలు అమ్మ దగ్గరికి పరుగెత్తుకొస్తే ముట్టుకోవద్దని కసరవలసి వచ్చింది. చుట్టుపక్కల ఆడవాళ్లు గుసగుసలు మొదలుపెట్టారు. ఏదో గాలి తగిలిందన్నారు. ఎవరో ఒంటిమీదికి దేవర వచ్చే ఆమెను పిలిపిస్తే ఇంటికి దోషముందని చెప్పిపోయింది.

అప్పుడు ఆండాలు మళ్లీ నా దగ్గరికి వచ్చింది. గుమ్మం బయటే నిలబడింది.

"తీసెయ్ నర్సమ్మా."

నాకు చిర్రెత్తింది. తీసిన లూప్ అంటే పోయిన కేసు. డాక్టరు నెల మీటింగులో అందరి ముందూ నిలబెట్టి అడుగుతాడు. "ఇంకో నెల ఓర్సుకోరాదె. అందరు ఓర్సుకుంటలేరా?" అన్నాను.

"నేను ఓర్సుకుంట. ఇల్లు ఓర్సుకుంటలేదు."

ఐరన్ గోలీలు చేతిలో పెట్టి పంపించాను. లూప్ నుంచి వచ్చే రక్తం ముట్టు కాదు, దానికి బయట కూర్చోనక్కర్లేదు అనే ఒక్క ముక్క నా నోటి నుంచి రాలేదు. తట్టలేదు అంటే సగమే నిజం. ఆమె కష్టం వినడానికి నేను సిద్ధంగా లేను, అది మిగతా సగం. ఆ మధ్యాహ్నం నాటి నన్ను తలుచుకుంటే ఇప్పటికీ చెంప వాయించాలనిపిస్తుంది.

తర్వాత ఆమె రాలేదు. ఊరి మంత్రసాని దారం పట్టి లాగేసిందని రెండు నెలల తర్వాత తెలిసింది. మరకలు ఆగాయి. ఆండాలు ఇంట్లోకి వచ్చింది, వంటింట్లోకి వచ్చింది. నేను రిజిస్టర్‌లో ఆమె పేరు ఎదురుగా ఎర్ర సిరాతో గీత గీసుకుని, మూర్ఖురాలు అని తిట్టుకున్నాను.

ఎండాకాలంలో వాళ్ల పొలం గట్టున కనబడింది. ఐదో నెల దాటింది. నన్ను చూసి కొంగు ముందుకు లాక్కుంది.

"నొప్పులు రాకముందే జనగామ దవాఖానల పండుకోవాలె, ఇంట్ల కాన్పు వద్దు," అని చెప్పాను.

"పోత నర్సమ్మా. నాకు భయమైతున్నది," అంది.

ఈసారి నేను కూడా గట్టిగానే తిరిగాను. నెలనెలా వెళ్లి చూశాను. గోలీలు మింగించాను. రాజవ్వతో కూడా మాట్లాడాను, జనగామకు పంపడానికి ఆమె వెంటనే ఒప్పుకుంది. కానీ నొప్పులు మూడు వారాల ముందే వచ్చాయి. వాన, బురద. నా కోసం బండి వచ్చేసరికి మధ్యాహ్నం అయింది. నేను గడపలో అడుగుపెట్టేసరికి మగపిల్లవాడు పుట్టి ఏడుస్తున్నాడు. ఆండాలు కింద చాప మొత్తం తడిసిపోయి ఉంది. సూది వేశాను. పొట్ట మీద చేయి పెట్టి గర్భసంచిని మర్దన చేశాను, నా బరువంతా వేసి నొక్కాను. బండిలో గడ్డి పరిచి జనగామ దారి పట్టాం. దారిలో నా చేయి పట్టుకుంది. మంచు ముట్టుకున్నట్టుంది ఆ చేయి. సగం దూరం కూడా పోలేదు. పట్టు వదిలింది. బండి ఆపమని నేనే చెప్పాను.

దినాలయ్యాక పుట్టుక, చావు రెండూ రాసుకోవడానికి ఆ ఇంటికి వెళ్లాను. రాజవ్వ ఆవుపాలలో గుడ్డ ముంచి పిల్లవాడి నోట్లో పిండుతోంది. రాసుకోవడం అయ్యాక లేచి రాలేకపోయాను. లూప్ సంగతి, మరకల సంగతి అంతా చెప్పేశాను. తిడుతుందనుకున్నాను. తిట్టించుకోవాలనే చెప్పాను.

రాజవ్వ గుడ్డను పాలగిన్నె అంచున పెట్టింది.

"గది ముట్టు గాదా?"

"కాదవ్వా. లూప్‌తోటి వచ్చిన నెత్తురు."

"కొడవలి తెగి నెత్తురొస్తె ఎవలన్న బయట కూసుంటరా బిడ్డా? గిది గూడ గట్లనే గదా. నాకు చెప్తె నేనే లోపలికి రమ్మందు."

"మీరు ఒప్పుకోరనుకున్న."

"నేను తొమ్మిది మందిని కన్న, ఐదుగుర్ని మట్టిల పెట్టిన. ఇంకో కాన్పు దాన్ని తింటదని నాకెరుక లేదా? జనగామల డాక్టరమ్మ చెప్పంగ పక్కన నిలబడ్డది నేనే." గుడ్డ మళ్లీ పాలలో ముంచింది. "నాకు చెప్పొద్దన్నదెవలు? అదేనా?"

"నేనే అవ్వా."

ఆమె తలూపింది, అంతే. పిల్లవాణ్ని నా ఒళ్లో పెట్టి, "బరువు పెరుగుతుండా సూడు," అంది.

తర్వాత నన్ను భూపాలపల్లి వైపు బదిలీ చేశారు. లూప్ పోయి కాపర్-టి వచ్చింది. టి ఆకారంలో ఉంటుంది, కాడకు రాగి తీగ చుట్టి ఉంటుంది. వేసే పద్ధతి దాదాపు అదే. నేను చెప్పే పద్ధతి మాత్రం మారింది. చీమ అనడం మానేశాను. నొప్పి ఎప్పుడెప్పుడు వస్తుందో, ఎంతసేపు ఉంటుందో పరికరాలు చేతికిచ్చి చూపించేదాన్ని. భయపడి లేచిపోయిన వాళ్లు ఉన్నారు. పోనీ అనుకున్నాను. మొదటి నెలల్లో మరకలు కనబడతాయి, అది ముట్టు కాదు అని రెండుసార్లు చెప్పేదాన్ని. మీ ఇంట్లో ఎన్ని రోజులు బయట ఉంటారు, అప్పుడు వంట ఎవరు చేస్తారు అని అడిగేదాన్ని. తీసేయమని వస్తే అదే రోజు తీసేదాన్ని. దానికి మీటింగుల్లో నిలబడి తిట్లు తిన్నాను, అరిగిపోయాయి.

ఇంట్లో ఎవరికి చెప్పాలి అని ఎవరైనా అడిగితే, నీకు ఎవరికి చెప్పాలనుంది అని తిరిగి అడిగేదాన్ని. చాలామంది ఎవరికీ వద్దనేవాళ్లు. వాళ్ల మాట ఎక్కడా దాటనివ్వలేదు. కొందరు బయట కూర్చున్న అత్తనో, అక్కనో లోపలికి పిలిచేవాళ్లు. అప్పుడు అందరికీ కలిపి చెప్పేదాన్ని.

చావు జరిగాక అందరూ మంచి మాటలే మాట్లాడతారు, నిజంగా అడిగి ఉంటే రాజవ్వ కూడా కాదనేదేమో అని ఒక్కోసారి అనిపిస్తుంది. అయి ఉండవచ్చు. కానీ ఆ అత్తతో పదేళ్లు ఒకే పొయ్యి దగ్గర కూర్చున్నది ఆండాలు. చెప్పవచ్చో లేదో ఆమెకే తెలుసు. చెప్పాలని ఉండబట్టే నన్ను అడిగిందేమో, నేను వద్దన్నాను.