వదిన మొండిది కాదు

ఇన్నేళ్లూ ఈ మాట నాలోనే ఉండిపోయింది. మింగలేను, కక్కలేను. మీరెవరో నాకు తెలియదు. అందుకే చెప్పగలుగుతున్నాను.

ఎనభైల మొదట్లో నేను నందిగామలో జువాలజీ లెక్చరర్ని. అన్నయ్య, వదిన చందర్లపాడులో పత్తి వేసేవాళ్లు. వదిన రొమ్ములో గడ్డ లేచింది. జగ్గయ్యపేట డాక్టరు చూసి, క్యాన్సరులా ఉంది, వెంటనే గుంటూరు వెళ్లి ఆపరేషన్ చేయించుకోమన్నాడు. అన్నయ్య కారు మాట్లాడాడు. వదిన మాత్రం ముందు నా దగ్గరికి వచ్చింది.

“కోతంటే భయంగా ఉందే. చదువుకున్నదానివి, నువ్వు చెప్పు. వేరే దారి లేదా?”

అప్పుడే ఒక పత్రికలో చదివాను. క్యాన్సర్ గడ్డ చుట్టూ ఆమ్లం పేరుకుంటుందనీ, రోగంతో పోరాడాల్సిన తెల్లకణాలు అందులో మందగిస్తాయనీ. అంతే రాశారు. మందు మాటే లేదు. మిగతాది నేనే అల్లాను.

“ఆ ఆమ్లం విరిగితే నీ ఒళ్లే గడ్డ సంగతి చూసుకుంటుంది వదినా. వంటసోడా నీళ్లు తాగు. కొన్నాళ్లు చూద్దాం.”

“నిజంగానా?”

“నేను చెప్తున్నాగా. అన్నయ్యతో మాత్రం నా పేరు ఎత్తకు.”

ఆమె ముఖం తేటపడింది. ఎందుకన్నాను ఆ మాట? జాలితోనా? తాగిన సోడా నేరుగా గడ్డ దాకా పోదనీ, రక్తం తన ఆమ్ల క్షారాల పాళ్లు తానే నిలుపుకుంటుందనీ క్లాసులో పాఠం చెప్పే నేను, నన్ను ఒకరు అంత ఆశగా అడిగారన్న గర్వంలో, తెలిసినదాన్నంతా పక్కకు నెట్టేశాను. పేరు ఎత్తవద్దన్నానంటే, అనుమానం అప్పుడే ఉందన్నమాట.

వదిన గుంటూరు రానంది. మాట్లాడిన కారు వెనక్కి పోయింది. పత్తి తీతలు అయ్యేసరికి చంకలోనూ గడ్డలు లేచాయి. గుంటూరులో ఆలస్యమైందన్నారు. ఆసుపత్రి వసారాలోనే అన్నయ్య అరిచాడు.

“ఎంత చెప్పినా విన్లేదు! మొండిది!”

బల్లమీద కూర్చున్న వదిన నా వైపు చూసింది. నా పేరు ఎత్తలేదు. నేను తల దించుకున్నాను. నోరు విప్పడానికి అదే సమయం. విప్పలేదు.

మళ్లీ పత్తి వేసేలోగా ఆమె పోయింది.

ఏటా ఆబ్దికం రోజున అన్నయ్య పిల్లలకు అదే చెబుతాడు, మీ అమ్మ మొండితనమే ఆమెను తీసుకుపోయిందని. నేను విస్తళ్లలో వడ్డిస్తూ వింటాను. అక్కణ్నించి వెళ్లలేను, ఉండలేను. రానంటే ఎందుకని అడుగుతారు. ముందే ఆపరేషన్ చేయిస్తే బతికేదా? తెలియదు. ఆ తెలియకపోవడంలో దాక్కోవాలని కూడా చూశాను. చోటు దొరకలేదు.

అన్నయ్యకు చెప్పే ధైర్యం ఈరోజుకీ లేదు. కానీ వదినను ఆపింది నేనే. ఈ ముక్క రాయడం ఇదే మొదటిసారి. ఊపిరి కాస్త ఆడుతోంది.