గీతకొచ్చిన గ్రాంటు

నర్సులకు ఢిల్లీలో నాయకత్వ శిక్షణ ఇప్పించే గ్రాంటుకి మా బిలాస్‌పూర్ ఆసుపత్రి నుంచి గీత, నేను ఇద్దరం దరఖాస్తు చేశాం. ఈ రోజు ఫలితం వచ్చింది. ఢిల్లీ వెళ్లేది గీత. ఆ పిల్లకి ఇంజెక్షన్ చెయ్యడం నేర్పింది నేనే! వార్డంతా ఆమె పంచిన లడ్డూలు తింటుంటే నేను మాత్రం నా లడ్డూని ఆయాకి ఇచ్చేశాను.

సాయంత్రం డ్యూటీ దిగి బయటికొస్తుంటే గీత వెనకాలే పరుగెత్తుకొచ్చింది.

“ఏటక్కా, మాటాడకుండా ఎల్లిపోతన్నావు? అక్కడ మొదటి రోజు మనం చూసిన మంచి లీడర్ గురించి చెప్పాలంట. నేను నీ గురించే చెప్తానక్కా!”

“అచ్ఛా, చెప్పు” అన్నాను.

ఇంటికెళ్లే ఉస్లాపూర్ ఆటోలో కూర్చున్నాక కళ్లు చెమర్చిన మాట నిజమే. కుళ్లు మాత్రం తగ్గకపోగా ఇంకాస్త పెరిగింది. నేనంత మంచి లీడర్‌నైతే ఆ ఢిల్లీ రైలు నేనే ఎక్కాలి కదా? మీరే చెప్పండి.